దూరదేశపు సరుకు: పూచీ ఎప్పుడు చేతులు మారుతుంది?

మహాప్రవక్త ముహమ్మద్ (స) మదీనాకు వలస వచ్చేనాటికి అక్కడి ప్రజలు పండ్ల ఫలసాయం కోసం ఒక ఏడాది, రెండేళ్ళు, ఒక్కొక్కప్పుడు మూడేళ్ళు ముందుగానే సొమ్ము చెల్లించి బేరం కుదుర్చుకునేవారు. ఆయన ఆ ఆచారాన్ని నిషేధించలేదు. అలా ముందుగా చెల్లించేవారు కొలత, తూకం, గడువు నిశ్చయంగా తెలిసి ఉండేటట్లు చూసుకోవాలని మాత్రం షరతు విధించినట్లు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) ఉల్లేఖించారు. మరొక సందర్భంలో, బజారు నుండి తెచ్చి ఇద్దామన్న ఉద్దేశంతో తన దగ్గర లేని వస్తువును అమ్మవచ్చునా అని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (ర) అడిగినప్పుడు, దగ్గర లేనిదాన్ని అమ్మవద్దని వారించారు. పైకి చూస్తే ఈ రెండు హదీసులూ పరస్పరం విరుద్ధమైనవిగా తోస్తాయి. విదేశాల నుండి సరుకు తెప్పించుకునే చిన్న వ్యాపారికి ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఈ రెండింటి నడుమనే ఉన్నాయి.

హైదరాబాదు బేగంబజారులోనో, గుంటూరులోనో, కర్నూలులోనో చిన్న దుకాణం నడుపుకునే వ్యాపారి ఈనాడు చైనాలోని యీవూ పట్టణం నుండి తస్బీహ్ మాలలు, తుర్కీ నుండి జానమాజులు, గల్ఫ్ దేశాల నుండి ఖర్జూరాలు తెప్పించగలడు. అమ్మేవానిని అతడు చూసి ఉండడు. సరుకును చూసి ఉండడు. ఫోనులో నాలుగు ఫోటోలు, ఒక ధర వస్తాయి. అతడు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ధర గురించే. నిజానికి మొదట అడగవలసినది వేరొకటి ఉన్నది: ఈ సరుకు పాడైనా, పోయినా ఎంతవరకు అమ్మినవాని నష్టం, ఏ క్షణం నుండి నా నష్టం? పూచీని ఎవరు మోస్తారో ఫలం వారిదేనన్నది హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖనం ద్వారా మనకు అందిన సూత్రం. ఫిఖహ్ గ్రంథాలలోని వర్తక ప్రకరణాలలో ఎక్కువ భాగం దీని వివరణే అంటే అతిశయోక్తి కాదు. నేటి ఓడ వ్యాపారపు నిబంధనలు కూడా ఈ ప్రశ్నకే సమాధానం చెబుతాయి. వాటి భాష మాత్రం వేరు.

ఒప్పందం ఏ కోవకు చెందినది?

విదేశీ అమ్మకందారులు సాధారణంగా ముప్ఫై శాతం బయానా అడుగుతారు. మిగిలిన డెబ్బై శాతం సరుకు ఓడ ఎక్కినట్లు కాగితాలు చూపినప్పుడు ఇవ్వాలంటారు. ఈ పద్ధతి ప్రపంచమంతటా ఉన్నది కనుక దీనిని గురించి ఆలోచించవలసిన పని లేదని చాలామంది అనుకుంటారు. కాని షరీఅత్ దృష్టిలో ఒకే ముప్ఫై శాతం బయానా మూడు రకాల సరుకులకు మూడు రకాలుగా వర్తిస్తుంది.

సరుకు ఇప్పటికే తయారై, ఫలానా గిడ్డంగిలో ఫలానా గుర్తుతో విడిగా ఉన్నట్లయితే అది మామూలు క్రయవిక్రయం. ధరలో కొంత ఇప్పుడు, కొంత తరువాత ఇవ్వడానికి ఆటంకం లేదు. చూడకుండా కొన్నవానికి సరుకు చూసిన తరువాత ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కును హనఫీ ధర్మశాస్త్రవేత్తలు ఇచ్చారు. అయితే ఈ హక్కు ఉన్నదని దూరదేశపు అమ్మకందారునికి తెలియదు, తెలిసినా ఒప్పుకోడు. కనుక నమూనాను తెప్పించి, ముద్ర వేసి, ఒకటి తన దగ్గర, మరొకటి అతని దగ్గర ఉంచి, దానికి తగినట్లు లేని సరుకును తిప్పి పంపవచ్చునని ఒప్పందంలోనే రాయించుకోవాలి.

రెండవది కర్మాగారంలో మన కొలతలకు, మన రంగులకు తయారు చేయించే సరుకు. దీనిని ఫిఖహ్‌లో ఇస్తిస్నా అంటారు. ఇందులో ధర అంతా ముందుగా ఇవ్వనక్కర లేదు, వాయిదాలలో ఇవ్వవచ్చు. తయారీదారు వర్ణించినట్లే చేసి ఇచ్చినప్పుడు కొనేవాడు వెనుకకు పోరాదన్న ఇమామ్ అబూ యూసుఫ్ అభిప్రాయాన్ని పందొమ్మిదవ శతాబ్దంలో ఉస్మానియా తుర్కుల న్యాయస్మృతి అయిన మజల్లా స్వీకరించింది. జానమాజులకు, టోపీలకు, అత్తరు సీసాలకు ముప్ఫై, డెబ్బై పద్ధతి సరిగా ఇమిడేది ఇక్కడే.

మూడవదానిలోనే చిక్కు ఉన్నది. ఇంకా కోయని పంట, లేదా ఎక్కడ ఉన్నదో నిర్ణయం కాని ధాన్యం, పండ్లు, ముడిసరుకు. దీనికి సలమ్ ఒప్పందమే దారి, సలమ్‌లో ధర మొత్తం ఒప్పందం నాడే చెల్లించాలి. మాలికీ పండితులు రెండు మూడు రోజుల వ్యవధిని సహించారు, అంతే. సరుకూ అప్పుగానే ఉండి, ధరలో ఎక్కువ భాగమూ అప్పుగానే ఉంటే అది అప్పుకు అప్పు అమ్మడం అవుతుంది. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 2000 సెప్టెంబరులో రియాద్‌లో సమావేశమై సరఫరా ఒప్పందాలను చర్చించినప్పుడు ఈ తేడానే పాటించింది. తయారు చేసే వస్తువైతే ఇస్తిస్నా నియమాలు, కాకపోతే పూర్తి ధర చెల్లించి సలమ్. అదీ కుదరకపోతే ఇరుపక్షాలనూ కట్టిపడేసే ఒప్పందంగా కాక వాగ్దానంగా మాత్రమే ఉంచుకొని, సరుకు సిద్ధమైనప్పుడు కొత్తగా బేరం చేసుకోవాలి. చిన్న వ్యాపారికి ఈ చివరి దారి తరచుగా లాభదాయకం కూడా. పంట చెడితే అతని సొమ్ము ఎక్కడా చిక్కుకోదు.

మూడక్షరాల మాటలు

ధర పక్కన ఎఫ్.ఓ.బి., సి.ఐ.ఎఫ్. వంటి అక్షరాలు ఉంటాయి. ఇవి అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదటిసారి ప్రకటించిన ఇన్‌కోటర్మ్స్ అనే నియమావళిలోనివి. ప్రస్తుతం అమలులో ఉన్నది 2020 కూర్పు, అందులో పదకొండు మాటలు ఉన్నాయి. వీటిని రవాణా ఖర్చు ఎవరిదో చెప్పే గుర్తులుగా మాత్రమే మన వ్యాపారులు చదువుతారు. అవి పూచీ ఎక్కడ మారుతుందో కూడా చెబుతాయి. ఆ రెండూ ఒకే చోట జరగాలన్న నియమం లేదు.

సి.ఐ.ఎఫ్. చెన్నై అన్న మాటను తీసుకుందాం. సరుకు ధర, బీమా, చెన్నై వరకు ఓడ కిరాయి అన్నీ అమ్మినవాడే చెల్లిస్తాడు. కనుక చెన్నై చేరేవరకు సరుకు అతని పూచీయే అనుకోవడం సహజం. అది పొరపాటు. సరుకు అతని దేశపు రేవులో ఓడ ఎక్కిన క్షణంలోనే పూచీ కొన్నవానికి మారిపోతుంది. నడిసముద్రంలో ఏమి జరిగినా నష్టం గుంటూరు వ్యాపారిదే. అమ్మినవాడు చేయవలసినది బీమా పత్రం చేతికి ఇవ్వడమే. ఆ బీమా కూడా, వేరే చెప్పుకోకపోతే, కనీస రక్షణ ఉన్నదే. అగ్ని ప్రమాదం, ఓడ మునగడం, ఢీకొనడం వంటివి దానిలో చేరతాయి. దొంగతనం చేరదు, కంటైనరులోకి సముద్రపు నీరు చొరబడడం కూడా చేరదు. జానమాజులను పాడుచేసేది నీరే కదా! వాణిజ్య బీమా విషయంలో ఫిఖహ్ అకాడమీ 1985లో ప్రకటించిన ప్రతికూల నిర్ణయం పాఠకులకు విదితమే. ఎవరు ఏ అభిప్రాయాన్ని అనుసరించినా, సి.ఐ.ఎఫ్. అని రాసి ఉన్నందువల్ల పూచీ తనది కాదనుకోవడం మాత్రం ఎవరికీ తగదు.

2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కొని 29 వరకు కదలలేదు. ఓడను విడిపించడానికి అయిన వ్యయాన్ని ఓడ యజమానితో పాటు అందులో సరుకు ఉన్నవారందరూ పంచుకోవాలని ప్రకటించారు. తన సరుకుకు ఏ దెబ్బా తగలని వ్యాపారి కూడా హామీ చూపనిదే పెట్టె విడిపించుకోలేకపోయాడు. ఇది ఈనాటి వింత కాదు. మునిగిపోయే ఓడను కాపాడడానికి కొంత సరుకును సముద్రంలో పారవేసినప్పుడు ఆ నష్టాన్ని మిగిలిన సరుకుదారులు ఎలా పంచుకోవాలో మాలికీ పండితులు శతాబ్దాల క్రితమే చర్చించి ఉన్నారు. 2023 నవంబరు నుండి ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు మొదలైన తరువాత అనేక ఓడలు ఆఫ్రికా దక్షిణపు కొస చుట్టి రావలసి వచ్చింది. తుర్కీ సరుకుకు సూయజ్, ఎర్రసముద్రాలే దగ్గర దారి. జిద్దా రేవు ఎర్రసముద్రం మీదనే ఉన్నది. యీవూ సరుకుకు ఆ దారితో పని లేదు. ధరలు పోల్చేటప్పుడు పటం కూడా ముందు పెట్టుకోవాలని చెప్పడానికే ఇదంతా.

చిన్న వ్యాపారికి ఏది మేలు? ఎక్స్ వర్క్స్ ధర చౌకగా కనిపిస్తుంది, కాని ఆ దేశంలో సరుకు లారీకి ఎక్కించడం నుండి ఎగుమతి కాగితాల వరకు అన్నీ మన మెడకు చుట్టుకుంటాయి. పరాయి దేశపు సుంకం కచేరీలో మన పని చేసిపెట్టేవారెవరు? ఎగుమతి పని అమ్మినవాడు చూసుకొని, కిరాయి మనం మాట్లాడుకునే ఎఫ్.ఓ.బి. లేదా ఎఫ్.సి.ఎ. నయమని నా అభిప్రాయం. కంటైనరులో పంపే సరుకు ఓడకంటే ముందే రేవు యార్డుకు అప్పగింత అవుతుంది కనుక ఎఫ్.సి.ఎ. ఇంకా స్పష్టమైనది.

కాగితాలను చూసే బ్యాంకు

లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరిస్తే సొమ్ము భద్రమని ఒక నమ్మకం ఉన్నది. 2007 జూలై 1 నుండి అమలులో ఉన్న యు.సి.పి. 600 నియమాల ప్రకారం బ్యాంకులు వ్యవహరించేది పత్రాలతో మాత్రమే, సరుకుతో కాదు. పెట్టెలలో ఖర్జూరాలకు బదులు ఇసుక ఉన్నా కాగితాలు సక్రమంగా ఉంటే బ్యాంకు సొమ్ము చెల్లిస్తుంది. అందుచేత చెల్లింపుకు కావలసిన పత్రాలలో, ఓడ ఎక్కకముందు మూడవ పక్షం వారు పరీక్షించి ఇచ్చిన ధ్రువపత్రాన్ని కూడా చేర్చడమే అసలు రక్షణ. పరీక్షకులను మనం నియమించాలి, అమ్మినవాడు కాదు. వడ్డీ విషయానికి వస్తే, పూర్తి సొమ్ము ముందుగా జమచేసి తెరిచే లెటర్‌కు బ్యాంకు తీసుకునేది సేవా రుసుము. సొమ్ము బ్యాంకు కట్టి గడువు మీద వడ్డీ వేసే పద్ధతి వేరు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టరాదు. చిన్న మొత్తాలకు ఈ రుసుములు గిట్టుబాటు కావు కనుక చాలామంది నేరుగా ఖాతాకు పంపుతారు. అటువంటివారు ఒక మోసాన్ని గుర్తుంచుకోవాలి. బేరమంతా ముగిసి, సొమ్ము పంపబోయే సమయంలో "మా బ్యాంకు ఖాతా మారింది" అని ఉత్తరం వస్తుంది. అమ్మకందారుని ఈమెయిల్‌లోకి చొరబడిన దొంగ రాసిన ఉత్తరమది. పాత ఫోను నంబరుకు మాట్లాడి, గొంతు విని నిర్ధారించుకొనే వరకు ఒక్క రూపాయి కూడా కదిలించరాదు. అమ్మే సంస్థ పేరు, ఖాతా పేరు ఒకటి కాకపోతే ఆ బేరమే వద్దు. చైనా సంస్థలకు పద్దెనిమిది అంకెలు, అక్షరాల నమోదు సంఖ్య ఒకటి ఉంటుంది, అక్కడి ప్రభుత్వ పట్టికలో దానిని సరిచూసుకోవచ్చు.

యీవూలో కొనుగోలు ఏజెంట్లు ఉంటారు. ఫిఖహ్ భాషలో వీరు వకీళ్ళు, వీరి చేతిలోని సొమ్ము అమానత్. నిర్లక్ష్యం చేయనంతవరకు సరుకు పోతే వారు బాధ్యులు కారు. అదే విధంగా, అమ్మినవాడు తగ్గించిన ధర వకీలుది కాదు, సొమ్ము ఇచ్చినవానిది. మన దగ్గర కమీషన్ తీసుకుంటూ దుకాణదారుని దగ్గర మరొక కమీషన్ చాటుగా పుచ్చుకునే అలవాటు ఈ వృత్తిలో అరుదు కాదు. దుకాణం వాడి అసలు రసీదు చూపాలని మొదటనే షరతు పెట్టుకుంటే మంచిది.

రేవులో

దిగుమతి చేయదలచిన వ్యాపారి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నుండి దిగుమతి ఎగుమతి కోడ్ పొందాలి. ఇప్పుడు పాన్ సంఖ్యే ఈ కోడ్‌గా ఉంటుంది. ఇది సులువైన పని. కష్టమంతా సరుకు ఏ శీర్షిక కిందకు వస్తుందో ముందుగా తెలుసుకోవడంలో ఉన్నది. ప్రపంచమంతా ఆరు అంకెల వరకు ఒకే వర్గీకరణను పాటిస్తుంది, మన దేశం దానిని ఎనిమిది అంకెలకు పొడిగించింది. సుంకం, నిషేధాలు, అనుమతులు అన్నీ ఆ ఎనిమిది అంకెల మీదనే ఆధారపడతాయి. బయానా ఇవ్వకముందే కస్టమ్స్ బ్రోకరును అడిగి ఈ సంఖ్యను తేల్చుకోవాలి.

సుంకం లెక్కలో కూడా ఒక మెలిక ఉన్నది. కిరాయి, బీమాలతో కలిపి సరుకు విలువ 1,00,000 రూపాయలు, మూల సుంకం 20 శాతం, ఐ.జి.ఎస్.టి. 18 శాతం అనుకుందాం. రెండూ కలిపి 38,000 అని లెక్కవేసుకున్నవాడు రేవులో చిక్కుకుంటాడు. మూల సుంకం 20,000. దాని మీద పది శాతం సంక్షేమ సర్‌చార్జి 2,000. ఐ.జి.ఎస్.టి. పడేది 1,22,000 మీద, అంటే 21,960. మొత్తం 43,960 రూపాయలు. ఐ.జి.ఎస్.టి.ని తరువాత అమ్మకపు పన్నులో సర్దుకోవచ్చు గాని, కాంపొజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న దుకాణదారుకు ఆ వీలు లేదు. సొమ్ము కోసం వెదికే రోజులలో రేవు డెమరేజి, కంటైనరు అద్దె రెండూ పెరుగుతూ పోతాయి.

ఇక్కడే ఇన్వాయిస్‌లో సగం ధర వేయించే ఆలోచన పుడుతుంది. అమ్మేవాడు తనంతట తానే, అడగకుండానే ఆ సాయం చేయబోతాడు. చట్టరీత్యా సరుకు జప్తు కావచ్చు, జరిమానా పడవచ్చు. ధర్మరీత్యా అది అబద్ధపు సాక్ష్యం. వీటిని మించి, సరుకు పాడై పరిహారం అడగవలసి వచ్చిన రోజున మన చేతిలోని కాగితం సగం విలువకే సాక్ష్యమిస్తుంది. మిగిలిన సగాన్ని ఏ దారిన పంపామో ఎవరికీ చెప్పుకోలేము.

కొన్ని సరుకులకు సొమ్ము ఉన్నా దారి ఉండదు. ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుండి భారత ప్రమాణాల సంస్థ గుర్తు తప్పనిసరి అయింది. ఆ లైసెన్సు తీసుకోవలసినది విదేశంలోని కర్మాగారం, దిగుమతిదారు కాదు. ఆ కర్మాగారానికి అది లేకపోతే మనం ఇక్కడ ఎంత తిరిగినా ప్రయోజనం లేదు. ఎండు ఖర్జూరం ఒకప్పుడు పాకిస్తాన్ నుండి విరివిగా వచ్చేది. 2019 ఫిబ్రవరిలో ఆ దేశపు సరుకులపై సుంకాన్ని 200 శాతానికి పెంచారు. 2025 మేలో, వేరే దేశం గుండా వచ్చేదానితో సహా, దిగుమతినే నిషేధించారు. దుబాయి నుండి వచ్చినంత మాత్రాన అది దుబాయి సరుకు కాబోదు. ఎక్కడ పండిందో చెప్పే ధ్రువపత్రాన్ని కొనేవాడే అడిగి తీసుకోవాలి.

ఆహార పదార్థాలకు నిల్వ కాలపు నియమం కూడా ఉన్నది. దిగుమతి నాటికి నిల్వ కాలంలో 60 శాతమో, గడువు తీరడానికి మూడు నెలలో, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతైనా మిగిలి ఉండాలి. ఖర్జూరం ప్రధానంగా ఆగస్టు నుండి అక్టోబరు వరకు కోతకు వస్తుంది, రమజాన్ మాత్రం ఏటా సుమారు పదకొండు రోజులు వెనుకకు జరుగుతుంది. 2030లో రమజాన్ జనవరిలో ఒకసారి, డిసెంబరు చివరిలో మరొకసారి మొదలవుతుంది. అప్పుడు పంటకూ పండుగ బేరానికీ మధ్య రెండు మూడు నెలలే. తాజా సరుకు దొరుకుతుంది గాని ఓడ ఆలస్యమైతే సర్దుకునే వ్యవధి ఉండదు.

చేతికి రాకముందే అమ్మడం

రమజాన్ దగ్గరపడే కొద్దీ, ఓడలో ఉన్న సరుకును చిల్లర దుకాణాలకు అమ్మివేసి సొమ్ము తీసుకోవడం మామూలైంది. ఆహారం కొన్నవారు దానిని స్వాధీనం చేసుకునేవరకు తిరిగి అమ్మరాదన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. స్వాధీనానికి అరబీలో ఖబ్జ్ అంటారు. మన పత్రికలలో కబ్జా అంటే పరాయి భూమిని ఆక్రమించడమన్న అర్థం స్థిరపడింది గాని, ఫిఖహ్‌లో అది ధర్మబద్ధమైన స్వాధీనం. ఈ నిషేధం ఏ సరుకులకు వర్తిస్తుందన్న దానిపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మాలికీలు ఆహార పదార్థాలకు పరిమితం చేశారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) భూమి వంటి స్థిరాస్తిని మినహాయించి, కదిలే వస్తువులన్నింటికీ వర్తింపజేశారు. ఖర్జూరం విషయంలో ఇద్దరి మాటా ఒకటే.

మరి స్వాధీనం అంటే పెట్టె చేతిలో పట్టుకోవడమేనా? 1990 మార్చిలో జిద్దాలో జరిగిన సమావేశంలో ఫిఖహ్ అకాడమీ, వస్తువు కదలకపోయినా, దానిపై అధికారం, దానిని వినియోగించే వీలు కొన్నవానికి లభిస్తే అదీ స్వాధీనమేనని నిర్ణయించింది. దీనిని అనుసరించి, కంటైనరు సంఖ్యతో సహా తన పేరిట బిల్ ఆఫ్ లేడింగ్ చేతికి వచ్చి, పూచీ తన మీద పడిన తరువాత అమ్మవచ్చునని నేటి పండితులలో కొందరంటారు. మన కస్టమ్స్ వారు కూడా సరుకు సముద్రం మీద ఉండగా జరిగే అమ్మకాన్ని గుర్తిస్తారు. సరుకు పరిశీలించి తీసుకునేవరకు ఆగాలని పట్టుబట్టే ముఫ్తీలూ ఉన్నారు. ఆహారం విషయంలో వీరి మాటే పాటించదగినదని నాకు తోస్తున్నది. ఒకే కంటైనరు నడిసముద్రంలో నలుగురి చేతులు మారి, చివరివాడు తలుపు తెరిచి బూజు పట్టిన పండ్లను చూసినప్పుడు, లాభం తీసుకున్న ముగ్గురూ పూచీ ఎన్నడూ మోయనివారే.

ముందుగా గిరాకీ కుదుర్చుకోవాలనుకునేవారు అమ్మకానికి బదులు వాగ్దానం తీసుకోవచ్చు. ఫలానా రకం సరుకు వస్తే ఫలానా ధరకు తీసుకుంటానని చిల్లర వ్యాపారి మాట ఇస్తాడు. సరుకు దిగిన తరువాత అసలు అమ్మకం జరుగుతుంది. ఓడ పండుగ దాటి వచ్చిందంటే ఎవరి సొమ్మూ ఎవరి దగ్గరా ఉండదు, జగడమూ ఉండదు.

ఇరవై అడుగుల కంటైనరులో సుమారు ముప్ఫై మూడు ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. ఒక్క దుకాణానికి అంత సరుకు అవసరం లేక, ఒకే ఊరి వ్యాపారులు నలుగురైదుగురు కలిసి తెప్పించడం వాడుకలోకి వచ్చింది. కాగితాలన్నీ ఒకరి పేరిటనే ఉంటాయి కనుక చట్టం ముందు జవాబుదారీ ఆయన ఒక్కడే. తెలిసినవారు కదా అని కోడ్‌ను అరువు ఇచ్చేవారు ఈ సంగతి తెలిసి ఇవ్వాలి. వీరందరూ భాగస్థులా, లేక ఆయన ఒక్కొక్కరి తరఫున విడివిడిగా కొన్న వకీలా అన్నది సొమ్ము కదలకముందే రాసుకోవాలి. భాగస్వామ్యమైతే లాభాన్ని ఒప్పుకున్న విధంగా పంచుకోవచ్చు, నష్టం మాత్రం పెట్టుబడుల నిష్పత్తిలోనే పడుతుంది. వకాలత్ అయితే ఎవరి పెట్టెలు వారివి, తడిసిన పెట్టె ఎవరిదో నష్టమూ వారిదే. అలాంటప్పుడు పెట్టెల మీద ఎవరి గుర్తులు వారికి వేయించవలసినది సరుకును అక్కడ కంటైనరులోకి ఎక్కించకముందే. చెన్నైలో తలుపు తెరిచిన తరువాత వేసే గుర్తును ఎవరూ ఒప్పుకోరు.